దరువు కాలి వెంట నడిచినంత కాలం

హైదరాబాద్ శివారు దుండిగల్‌లో డోలు మోత రెండు చోట్ల రెండు తీరుల్లో వినిపిస్తుంది. మొదటిది వైమానిక దళ అకాడమీ కవాతు మైదానం. శిక్షణ పూర్తి చేసిన యువ అధికారుల కవాతు నాడు బ్యాండు మొదలుకాగానే బూట్లన్నీ ఒక్కసారే నేలను తాకుతాయి. సైనిక కవాతు వేగం నిమిషానికి సుమారు 120 అడుగులు, అంటే సెకనుకు రెండు. అక్కడ దరువు ముందు నడుస్తుంది, కాలు దాని వెంట పోతుంది. ఎవరికోసమూ దరువు ఆగదు, ఆగకూడదు కూడా. రెండోది ఆ ప్రహరీకి బయటి వీధి. ఆషాఢంలో మైసమ్మకు, పోచమ్మకు బోనాలెత్తినప్పుడు, వినాయకుణ్ని చెరువుకు సాగనంపేటప్పుడు, పెళ్లికొడుకు బరాత్ కదిలినప్పుడు మోగే తీన్మార్ దరువు అక్కడిది. వాయించేవాడి కళ్లు తన చేతుల మీద ఉండవు, ఆడేవాళ్ల కాళ్ల మీద ఉంటాయి. బోనాల ముందు ఆడే పోతరాజు కొరడా పైకెత్తి ఒక క్షణం నిలబడితే డప్పు కూడా ఊపిరి బిగపడుతుంది. అతని కాలు నేలకు దిగిన చోటే దెబ్బ పడుతుంది. కవాతు మైదానంలో కాలు దరువు మాట వింటుంది. వీధిలో దరువు, కాలు ఒకదాని మాట ఒకటి వింటాయి.

ఆ వీధి దరువులోకి ఇప్పుడు కరెంటు వచ్చింది. పెళ్లి బరాత్‌కు బ్యాండు మాట్లాడుకునేవాళ్లు అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, ‘మామూలు బ్యాండా, ప్యాడ్ బ్యాండా?’ అని. ప్యాడ్ బ్యాండ్ అంటే ఒక బండి, దాని మీద స్పీకర్లు, ఆంప్లిఫయర్, జనరేటర్, కీబోర్డు వాయించే మనిషి, ఎనిమిది రబ్బరు పలకల ప్యాడ్ ముందు రెండు పుల్లలతో నిలబడ్డ మరో మనిషి. వాళ్ల పక్కన తాషా, డోలు వాయించేవాళ్లూ ఉంటారు. పాత తీన్మార్ దరువునే రబ్బరు పలక మీద కొడతారు, అది స్పీకర్లలో డప్పుగా, మర్ఫాగా, తాషాగా, ఒక్కోసారి ఎవరూ ఎన్నడూ తయారుచేయని వాద్యంగా మోగుతుంది. దీని మీద పెద్దల్లో రెండు రకాల బాధ ఉంది. తోలు పోయింది కాబట్టి దరువు చచ్చిపోయిందన్నది ఒకటి. యంత్రం వచ్చాక మనిషి చేతిలోని సహజత్వం పోయిందన్నది రెండోది. రెండు బాధల్లోనూ ప్రేమ ఉంది. కానీ శబ్ద శాస్త్రమూ, లయ మీద మనస్తత్వ శాస్త్రమూ చెప్పేది వింటే, దరువు ప్రాణం ఈ రెండు చోట్లా లేదని నాకనిపిస్తుంది. ఆడేవాడు, వాయించేవాడు ఒకరినొకరు వింటూ సర్దుకోవడంలో అది ఉంది. ఆ బంధం నిలిచిన చోట కరెంటు వచ్చినా సంప్రదాయం బతుకుతుంది. అది తెగిన చోట ఎంత మంచి తోలు కట్టినా బతకదు.

ముందు ‘స్వచ్ఛత’ సంగతి చూద్దాం. తీన్మార్ అనే మాటే ఉర్దూది, మూడు దెబ్బలు అని అర్థం. హైదరాబాద్‌లో ఆ దరువుకు ఊపిరిపోసిన మర్ఫా సంగీతం నిజాం కొలువులో సైనికులుగా ఉన్న ఆఫ్రికా మూలాల సిద్దీలతో, యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులతో ఈ నేలకు చేరింది. నగరంలోని ఏసీ గార్డ్స్ పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చింది. బార్కస్ పేరు సైనికుల బ్యారక్స్ నుంచి. వాళ్ల పెళ్లిళ్లలో మోగిన దరువు వీధి దాటి, మన డప్పుతో కలిసి, గణేశ్ ఊరేగింపుకూ బోనాలకూ పాకింది. ఇప్పుడు ఊళ్లలో ఎవరూ దాన్ని పరాయిది అనుకోరు. అంటే మనం సంప్రదాయం అని కాపాడుకోవాలనుకుంటున్నది ఒకప్పటి కలయికే. సముద్రం దాటి వచ్చిన చెయ్యి, ఊరి తోలు కలిస్తే పుట్టిన దరువు అది.

ప్రపంచానికి అవతలి చివర సరిగ్గా ఇలాంటి కథే టాంగోది. అర్జెంటీనా, ఉరుగ్వేల మధ్య రియో దె లా ప్లాతా నది తీరాన, బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల కాందోంబే దరువులు, క్యూబా నుంచి వచ్చిన హాబనేరా నడక, యూరప్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన వలస కూలీల పాటలు కలిసి టాంగో అయింది. దాని గుండెకాయ అని చెప్పే బాండోనియన్ జర్మనీలో పుట్టిన వాద్యం. మన హార్మోనియంలాగే గాలితో పలికే లోహపు రీడ్లే అందులోనూ ఉంటాయి, రెండు చేతుల మధ్య దాన్ని సాగదీసి నొక్కి వాయిస్తారు. 1955లో ఆస్టర్ పియాజొల్లా తన అష్టక బృందంలోకి ఎలక్ట్రిక్ గిటార్ తెచ్చినప్పుడు బ్యూనస్ ఐరిస్ సంప్రదాయవాదులు ఇది టాంగోయే కాదని విరుచుకుపడ్డారు. 1999లో పారిస్‌లో ఫ్రాన్స్‌కు చెందిన ఫిలిప్ కోహెన్ సోలాల్, స్విట్జర్లాండ్‌కు చెందిన క్రిస్టఫ్ మ్యూలర్, అర్జెంటీనా గిటారిస్టు ఎడ్వార్డో మకరోఫ్ కలిసి గోటాన్ ప్రాజెక్ట్ అనే బృందం పెట్టారు. టాంగో అనే మాట అక్షరాలను తిరగేస్తే గోటాన్. 2001లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్‌లో పదేపదే తిరిగే కంప్యూటర్ లూపుల మీద బాండోనియన్ సాగుతుంది. 2009లో యునెస్కో టాంగోను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. కరెంటు తగిలినందుకు టాంగో చావలేదు. అయితే ఆ లూపు కింద ఒక పాఠం ఉంది, దాని దగ్గరికి మళ్లీ వస్తాను. ముందు తోలు సంగతి తేల్చుకోవాలి.

డప్పు చూడ్డానికి చాలా సాదా వాద్యం. గుండ్రని చెక్క చట్రం, ఒక పక్క బిగించిన మేక తోలు, రెండో పక్క ఖాళీ. కుడిచేతిలో మందపాటి సిర్ర, ఎడమచేతిలో సన్నని సిటికెన పుల్ల. ఈ సాదాతనం వెనుక భౌతికశాస్త్రం మాత్రం సాదాగా లేదు. బిగించిన తీగను మీటితే దాని అనుస్వరాలు 1, 2, 3, 4 రెట్లుగా వరుసలో పలుకుతాయి, అందుకే వీణ తీగలో స్వరం స్పష్టంగా వినిపిస్తుంది. గుండ్రని పొర అలా కాదు. దాని కంపనాలు 1, 1.59, 2.14, 2.30 రెట్లుగా, ఒకదానికొకటి పొసగని లెక్కలో లేస్తాయి. చెవికి అది స్వరంగా కాక చప్పుడుగా తోస్తుంది. విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1920లో ‘నేచర్’ పత్రికలో రాసిన చిన్న వ్యాసంలో మృదంగం, తబలా ఈ నియమాన్ని ఎలా దాటాయో చెప్పాడు. పొర నడుమ అంటించే నల్లని పూత బరువు వల్ల ఆ కంపనాలు వరుస లెక్కలోకి వస్తాయి. డప్పుకు ఆ పూత లేదు. శ్రుతిలో పలకడం దాని పని కాదు, పదిమందినీ బయటికి పిలవడం దాని పని. దెబ్బ నడుమ పడితే అడుగు కంపనం ఎక్కువగా లేచి ‘ధం’ అంటుంది, అంచున పడితే పై కంపనాలు లేచి ‘టక్’ అంటుంది. నడుమకూ అంచుకూ మధ్య ఉన్న ప్రతి వేలెడు చోటుకూ ఒక్కో రంగు.

తోలుకు ఒక పెద్ద బలహీనత ఉంది. అది నీటిని పీల్చుకుంటుంది. గాలిలో తేమ పెరిగితే తోలు సాగి బిగువు తగ్గుతుంది. పొర పౌనఃపున్యం బిగువు వర్గమూలాన్ని అనుసరించి మారుతుంది, అంటే శ్రుతి రెట్టింపు కావాలంటే బిగువు నాలుగు రెట్లు కావాలి. బోనాలు వచ్చేది ఆషాఢంలో, ముసురు పట్టే కాలంలో. అందుకే డప్పు కళాకారులు చెత్తా కాగితాలూ పోగేసి మంట వేసి, తోలు ముఖాన్ని సెగకు చూపిస్తారు. సెగ తోలులోని తేమను తరిమేస్తుంది, తోలు బిగుసుకుంటుంది, డప్పు మళ్లీ ‘కణకణ’ మంటుంది. ఇంకాసేపటికి చినుకు పడితే మళ్లీ మంట. ఈ అవస్థకు మొదటి మందు కరెంటు కాదు, ప్లాస్టిక్. 1957లో అమెరికాలో రెమో సంస్థ డ్రమ్ముల కోసం మైలార్ అనే పాలిస్టర్ పొరను మార్కెట్‌లోకి తెచ్చింది. వానకు మెత్తబడని ఆ పొర క్రమంగా మన బ్యాండు డ్రమ్ములదాకా, తాషాలదాకా వచ్చింది. అంటే మన వీధుల్లో కొంత దరువు కరెంటు లేకుండానే ప్లాస్టిక్ మీదికి మారింది. అప్పుడు దరువు చచ్చిపోయిందని ఎవరూ ఏడవలేదు, ఎందుకంటే కొట్టే చెయ్యి అదే, ఆడే కాలు అదే. ప్రాణం తోలులోనే ఉంటే అది ఎప్పుడో పోయి ఉండాలి.

ఇక ప్యాడ్ లోపల ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. 1880లో జాక్ క్యూరీ, పియరీ క్యూరీ అనే అన్నదమ్ములు కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని కనిపెట్టారు. దాన్ని పీజో గుణం అంటారు. ప్యాడ్‌లో రబ్బరు పలక కింద రూపాయి బిళ్లంత పీజో బిళ్ల ఒకటి ఉంటుంది. పుల్ల పడగానే ఆ బిళ్ల ఒక వోల్టేజీ తుళ్లింతను పుట్టిస్తుంది. దెబ్బ గట్టిగా పడితే తుళ్లింత ఎత్తు పెరుగుతుంది. లోపలి చిప్ ఆ ఎత్తును కొలిచి, ముందే రికార్డు చేసి దాచిన డప్పు శబ్దాన్ని అంతే బలంతో వినిపిస్తుంది. ఆ శబ్దం సీడీ నాణ్యతలో ఉంటే సెకనుకు 44,100 అంకెలుగా దాచి ఉంటుంది. 1983లో వచ్చిన మిడి అనే ఉమ్మడి భాష వల్ల ప్యాడ్, కీబోర్డు, కంప్యూటర్ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఆ భాషలో దెబ్బ బలానికి 0 నుంచి 127 దాకా 128 మెట్లు. 1985లో జపాన్ సంస్థ రోలాండ్ తెచ్చిన మొదటి ఆక్టాప్యాడ్‌లో అసలు శబ్దమే లేదు, ఎనిమిది పలకల దెబ్బల్ని మిడి భాషలోకి మార్చి వేరే యంత్రానికి పంపడమే దాని పని. ఆ పేరే మన దగ్గర ‘ప్యాడ్’గా స్థిరపడింది.

దెబ్బకూ శబ్దానికీ మధ్య యంత్రం ఆలస్యం చేస్తుందా అని సంగీతం తెలిసినవాళ్లు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఒక మిడి సందేశం తీగలో ప్రయాణించడానికి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది. లోపలి పనంతా కలుపుకున్నా మంచి ప్యాడ్‌లో ఆలస్యం కొద్ది మిల్లీసెకన్లే. గాలిలో శబ్దం మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది. బరాత్‌లో బండికి పది మీటర్ల వెనుక ఆడుతున్నవాడికి దరువు సుమారు 30 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది, అది తోలు డప్పుకైనా అంతే. దూరం వల్ల వచ్చే ఆలస్యం ముందు యంత్రం ఆలస్యం చాలా చిన్నది. ప్యాడ్ నిజంగా పోగొట్టేది వేరే ఉంది. పలక కింద ఉన్న ఒక్క బిళ్లకు దెబ్బ ఎంత బలంగా పడిందో తెలుస్తుంది కానీ, ఎక్కడ పడిందో తెలియదు. డప్పు మీద నడుమ నుంచి అంచుదాకా ఉన్న రంగుల వాన, ప్యాడ్ మీద ఎనిమిది గళ్లుగా విడిపోతుంది. డప్పు కళాకారుడి చేతివాటంలో పెద్ద భాగం ఈ రంగుల్లోనే ఉంది కాబట్టి, ఇది చిన్న నష్టం కాదు. దాన్ని దాచి ప్యాడ్‌ను పొగడటం న్యాయం కాదు.

మరి లాభం? డప్పుకు వెనక పక్క ఖాళీ. తోలు ముందుకు కదిలి గాలిని నొక్కినప్పుడు వెనుక గాలి పలచబడుతుంది. పొడవైన అలలున్న మంద్ర శబ్దాల్లో ముందు అల, వెనుక అల చట్రం చుట్టూ తిరిగివచ్చి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. నలభై హెర్ట్జ్ శబ్దపు అల పొడవు ఎనిమిదిన్నర మీటర్లు, అంత చిన్న వాద్యానికి దాన్ని మోయడం సాధ్యం కాదు. స్పీకరు పెట్టె ఆ పని చేస్తుంది. ఆ లోతు శరీరాన్ని ఎలా కదిలిస్తుందో 2022లో వెలువడిన ఒక పరిశోధన కోసం కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక నిజమైన ఎలక్ట్రానిక్ సంగీత కచేరీలో కొలిచారు. చెవికి తెలియనంత మంద్రమైన, 8 నుంచి 37 హెర్ట్జ్ మధ్య శబ్దాలను పుట్టించే స్పీకర్లను రెండున్నర నిమిషాలకోసారి ఆన్ చేస్తూ, ఆపుతూ పోయారు. ఆన్‌లో ఉన్నప్పుడు జనం కదలిక 11.8 శాతం పెరిగింది. అవి మోగుతున్నాయని వాళ్లకు తెలియనే తెలియదు. చర్మంతో, లోపలి చెవిలోని సమతూక అవయవంతో శరీరం దాన్ని గ్రహించి ఉంటుందని ఆ బృందం భావించింది. బరాత్‌లో పక్కన నిలబడ్డ పెద్దాయన కాలు తనకు తెలియకుండానే కదలడంలో ఈ లోతుకూ వాటా ఉండవచ్చు. తోలు ఇవ్వలేనిది ఒకటి కరెంటు ఇచ్చింది.

ఇప్పుడు రెండో బాధకు వద్దాం. యంత్రం కచ్చితంగా కొడుతుంది, మనిషి చెయ్యి వెంట్రుకవాసి అటూఇటూ పోతుంది, ఆ తేడాలోనే అందం ఉందని చాలామంది కళాకారుల నమ్మకం. వినడానికి బాగుంది, మనసుకు దగ్గరగా కూడా ఉంది. కానీ పరీక్షకు నిలబడలేదు. 2013లో సంగీత పరిశోధకుల రెండు వేర్వేరు బృందాలు దీన్ని పరీక్షించాయి. దెబ్బల్ని కొన్ని మిల్లీసెకన్లు ముందుకూ వెనక్కూ జరిపి వినిపిస్తే, ఆడాలన్న కోరిక పెరగలేదు, తగ్గింది. గీత గీసినట్టు సరిగ్గా పడిన దరువుకే శ్రోతలు ఎక్కువ మార్కులు వేశారు. ఆడించేది దెబ్బల అమరిక అని మరో పరిశోధన చెబుతోంది. 2014లో మరియా విటెక్ బృందం యాభై రకాల డ్రమ్ము ముక్కల్ని వినిపించి చూసింది. ఎదురుచూసిన చోట పడకుండా తప్పుకునే దెబ్బలు మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా ఆడాలనిపించదు. మధ్యస్థంగా ఉన్నప్పుడే కాలు ఆగదు. తీన్మార్ ఎక్కువగా నడిచేది తిస్రంలో, ఆరు మాత్రల చుట్టులో. ఆ ఆరింటిని మూడు మూడుగానూ విరవవచ్చు, రెండేసి చొప్పున మూడుగానూ విరవవచ్చు. కాళ్లు రెండు, దెబ్బలు మూడు. ఆ ఒరిపిడే భుజాన్ని ఎగరేస్తుంది. టాంగోలో ఎనిమిది మాత్రలు మూడు, మూడు, రెండుగా విరుగుతాయి. పియాజొల్లా సంగీతంలో చాలా భాగం ఈ విరుపు మీద నడుస్తుంది. ఈ అమరిక తోలు మీద కొట్టినా, రబ్బరు మీద కొట్టినా చెక్కుచెదరదు.

అయితే, ఒక పెద్ద ఆక్షేపణ ఇక్కడే ఎదురవుతుంది. తోలులోనూ ప్రాణం లేదు, చేతి తడబాటులోనూ లేదు, అమరికే ముఖ్యం అంటే, ఆ అమరికను పెన్‌డ్రైవ్‌లో పెట్టి డీజే బాక్సులో మోగిస్తే చాలు కదా? మనిషి ఎందుకు? సరిగ్గా దీనికే ఇంకో పరిశోధన జవాబు చెబుతోంది. 2010లో ఇవానా కొన్వలింకా బృందం ఇద్దరిద్దరిని విడివిడి గదుల్లో కూర్చోబెట్టి, ఒకరి వేలి దెబ్బ ఇంకొకరికి వినిపించేలా చేసి, లయ కలపమంది. ఇంకో విడతలో ఎదుట కంప్యూటర్‌ను పెట్టింది. లయ కలవడంలో రెండింటికీ పెద్ద తేడా రాలేదు. కానీ కలిపిన పద్ధతి పూర్తిగా వేరు. కంప్యూటర్‌తో మనిషి ఒక్కడే సర్దుకున్నాడు. మనిషితో ఉన్నప్పుడు ఇద్దరూ ప్రతి దెబ్బకూ ఒకరి వైపు ఒకరు జరిగారు. ఎవరూ నాయకుడు కాదు, ఇద్దరూ అనుచరులే. వీధిలో పోతరాజుకూ డప్పుకూ మధ్య జరిగేది ఇదే. డీజే బాక్సు ముందు అది జరగదు. పాట నిమిషానికి ఎన్ని దెబ్బలని ముందే నిర్ణయమైపోయింది. ముసలమ్మ నెత్తిన బోనంతో మెల్లగా కదిలినా, కుర్రాళ్లు అలసిపోయినా, ఊరేగింపు మూల తిరుగుతున్నా అది తన దారిన తాను పోతుంది. వీధి కాస్తా కవాతు మైదానం అవుతుంది. కవాతు మైదానంలో ఆ క్రమశిక్షణకు ఒక గౌరవమైన ప్రయోజనం ఉంది. బోనాల వీధికి దానితో పనిలేదు.

కాబట్టి గీత గీయాల్సింది తోలుకూ కరెంటుకూ మధ్య కాదు. ఆడేవాళ్లను వినే దరువుకూ, వినలేని దరువుకూ మధ్య. ప్యాడ్ ముందు మనిషి ఉన్నంతసేపూ అది మొదటి వైపే ఉంటుంది. పెళ్లికొడుకు మేనమామ రంగంలోకి దూకితే వాయించేవాడు దరువు పెంచగలడు, ఆడపిల్లలు వలయం కడితే తగ్గించగలడు, ఎవరో కింద కూర్చుని భుజాలు మాత్రమే ఎగరేస్తుంటే అంచు దెబ్బల్లోకి మారగలడు. అదే ప్యాడ్‌లో ‘లూప్’ నొక్కి చేతులు కట్టుకుని నిలబడితే రెండో వైపుకు జారిపోతుంది. గోటాన్ ప్రాజెక్ట్ నేర్పే పాఠం ఇదే. లూపు కదలకుండా నడుస్తుంటే, దాని మీద బాండోనియన్ ఊపిరి తీసుకుంటుంది, స్వరాన్ని లాగుతుంది, వెనుకబడి మళ్లీ అందుకుంటుంది. ఆ జీవమున్న చెయ్యి ఒకటి పైన ఉండబట్టే కింద యంత్రం ఉన్నా అది టాంగోగా వినిపిస్తుంది. ఆ చెయ్యి తీసేస్తే మిగిలేది హోటల్ లాబీలో నేపథ్య సంగీతం.

శబ్దం తీవ్రత గురించిన ఆక్షేపణ ఇంకా బలమైనది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. 85 డెసిబెల్స్ శబ్దాన్ని ఎనిమిది గంటలకు మించి వినకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెబుతుంది. ప్రతి మూడు డెసిబెల్స్‌కూ శక్తి రెట్టింపవుతుంది కాబట్టి వినదగిన సమయం సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది పదిహేను నిమిషాలు. లోపలి చెవిలోని రోమ కణాలు ఒకసారి చచ్చిపోతే మనిషికి మళ్లీ మొలవవు. బహిరంగ మైదానంలో దూరం రెట్టింపైతే శబ్దం ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది, రెండు పక్కలా మేడలున్న గల్లీలో గోడలు దాన్ని తిప్పికొట్టడం వల్ల అంత తగ్గదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదు. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజే వ్యవస్థలను నిషేధించారు. ఆ నిషేధం వెనుక ఉన్న బాధ నిజం. అయితే తీవ్రత దరువు గుణం కాదు, ఆంప్లిఫయర్ మీద తిప్పే బిరడా గుణం. చిన్న స్పీకరుతో, ఆడేవాళ్ల దాకా మాత్రమే చేరేలా ప్యాడ్ వాయించవచ్చు. పైగా నా వాదనకు ఇది అండే. స్పీకరు మోత ఒక హద్దు దాటితే వాయించేవాడికి ఆడేవాళ్ల కేక, చప్పట్లు, ఈల వినిపించవు. పెద్ద మోత చెవినే కాదు, దరువుకూ కాలికీ ఉన్న బంధాన్ని కూడా తెంపేస్తుంది.

చివరి ఆక్షేపణ కూటి గురించి. ఒక ప్యాడ్ పది వాద్యాల శబ్దం చేస్తే ఆ పదిమంది ఏం తినాలి? డప్పు మాదిగ కళాకారుల చేతుల్లో తరతరాలుగా బతికిన వాద్యం. చావుకూ పెళ్లికీ జాతరకూ వాళ్లే కావాలి, కానీ వాళ్ల చేతికి దక్కాల్సిన గౌరవాన్ని ఊరు దక్కనివ్వలేదు. మేడ్చల్ దాటి నిజామాబాద్ రోడ్డున పోతే తగిలే తూప్రాన్‌లో పుట్టిన ప్రజాగాయకుడు గద్దర్, జననాట్యమండలి వేదికల మీద ఆ డప్పుకు తలెత్తుకుని నిలబడే చోటిచ్చాడు. ఇప్పుడు వాళ్ల దరువు శబ్దం ఒక చిప్‌లోకి ఎక్కి, ఎవరి చేతి దెబ్బో తెలియకుండా అమ్ముడవుతుంటే, అది మరో రకం అన్యాయం. ఈ ఆక్షేపణకు శాస్త్రం దగ్గర పూర్తి జవాబు లేదు. నేను చెప్పగలిగింది ఒకటే. పదిమంది పని పోవడానికి ప్యాడ్ కంటే ఎక్కువ కారణం మనిషే అక్కర్లేని పెన్‌డ్రైవ్ పాట. బ్యాండులో ప్యాడ్ ఉన్నా దాని పక్కన డప్పు, తాషా ఉండాలని అడిగే పెళ్లివాళ్లు, ఉత్సవ కమిటీలు ఆ పనిని నిలబెట్టగలరు. దానికి చట్టం అక్కర్లేదు, బ్యాండు మాట్లాడుకునేటప్పుడు ఒక్క మాట చాలు.

సాంకేతికంగా చేయాల్సింది కూడా ఉంది, అది దుండిగల్‌లోనే సాధ్యం. ఇక్కడ ఎలక్ట్రానిక్స్ చెప్పే ఇంజనీరింగ్ కళాశాలలు పక్కపక్కనే ఉన్నాయి. దెబ్బ ఎక్కడ పడిందో ప్యాడ్‌కు తెలియదని పైన చెప్పాను. చట్రం చుట్టూ మూడు నాలుగు పీజో బిళ్లలు పెడితే, దెబ్బ తాకిడి ఏ బిళ్లకు ముందు చేరిందో, ఏ బిళ్లకు వెనుక చేరిందో చూసి చోటును లెక్కగట్టవచ్చు. భూకంప కేంద్రాన్ని కనిపెట్టే లెక్క కూడా ఇదే. ఒక్కో బిళ్ల ఖరీదు కొద్ది రూపాయలే. రబ్బరు పలక కాక నిజమైన తోలు డప్పుకే వాటిని అమర్చితే, తోలు రంగులూ దక్కుతాయి, కరెంటు లోతూ దక్కుతుంది. చివరి ఏడాది ప్రాజెక్టుకు ఇంతకంటే మంచి పని ఏముంటుంది? దానికి ముందు మరో పని జరగాలి. చావు దరువు, పెళ్లి దరువు, జాతర దరువు తెలిసిన పెద్ద కళాకారుల్ని పిలిచి, కూలి ఇచ్చి, నడుమ నుంచి అంచుదాకా ఒక్కో దెబ్బనూ వాళ్ల పేరుతో సహా రికార్డు చేయాలి. ఆ శబ్దాన్ని ఎవరు వాడినా ఆ పేరు దాని వెంట పోవాలి. రికార్డు చేసేటప్పుడు ఎదుట ఆడేవాళ్లు కూడా ఉండాలి, లేకపోతే చిప్‌లోకి ఎక్కేది దెబ్బలే తప్ప దరువు కాదు.

వచ్చే ఆషాఢంలోనూ వాన పడుతుంది. ప్యాడ్ మీద ప్లాస్టిక్ కవర్ కప్పుతారు, పక్కనే డప్పుకు సెగ చూపిస్తారు. బోనమెత్తిన అమ్మ మెట్టు దగ్గర కాలు పెట్టి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణంలో రబ్బరు మీదున్న పుల్లా, తోలు మీదున్న సిర్రా రెండూ ఆమె కాలు కోసం ఆగాయా లేదా అన్నదే మనం చూసుకోవాల్సింది.